వలందావారి రేవుకు ఒకనాటి బస్సు యాత్ర

ఇంగ్లండు ఈశాన్య తీరాన, స్కాట్లండు సరిహద్దుకు కొంచెం దిగువగా, బాంబరో, డన్‌స్టన్‌బరో, లిండిస్‌ఫార్న్ అనే కోటలు సముద్రపుటొడ్డునే వున్నవి. ప్రొద్దున్నే ఎడింబరోలో బస్సెక్కితే, గైడు మైకు పట్టుకొని కథలు చెబుతూ ఆ తీరమంతా చూపించి, దీపాలు పెట్టేవేళకు మళ్ళీ ఊళ్ళో దింపేస్తాడట. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మా పూర్వ విద్యార్థి ఒకడు ఆ ఫోటోలు పంపిస్తే మా వీధిలో ఇంటింటా చూశారు. చూసి ఊరుకుంటే ఈ వ్యాసం వ్రాసే పని లేకపోను. "మనకూ వుందిగా సముద్రం! మనకెందుకు లేవండీ కోటలు?" అని ఎదురింటి ఇల్లాలు మా అరుగు మీద కూర్చుని నన్ను నిలదీసింది. తెలుగు మేష్టరును గనుక సమస్తమూ నాకు తెలిసి వుండాలని ఆమె నమ్మకం.

ఉన్నవనీ చెప్పవచ్చు, లేవనీ చెప్పవచ్చు. దక్షిణాన ప్రళయకావేరి మొదలుకొని బందరు, కాకినాడలోని జగన్నాథపురం, విశాఖపట్నం, భీమునిపట్నం వరకు పరదేశపు కంపెనీలవారు రేవు రేవునా కోటో, కోటవంటి గిడ్డంగో కట్టుకున్నారు. వారిలో ఎవరిని ఏమని పిలవాలో మన పెద్దలు అప్పుడే తేల్చుకున్నారు. పోర్చుగీసువారు బుడతకీచులు. ఫ్రెంచివారు పరాసులు. హాలండును పోర్చుగీసువారు 'ఒలాందా' అంటే, మనవారి నోట అది వలందా అయింది. బందరులో ఈనాటికీ పరాసుపేట వున్నది, ఇంగ్లీషుపాలెం వున్నది, వలందపాలెం వున్నది. ముగ్గురు దొరలూ పోయినారు, మూడు పేటలూ మిగిలినవి.

ఈ సంగతులు చెప్పేసరికి, "అయితే మనమూ ఒక బస్సు మాట్లాడుకుని వెళ్ళి చూద్దాం" అన్నారు వీధివారు. బందరు మాకు ఒకరోజులో అయ్యే పని కాదు. భీమిలి అవుతుంది.

నర్సీపట్నం వారికి సముద్రం మీద ధ్యాస తక్కువ. మా ఊరు కొండల మొదట్లో వున్నది. చుట్టాలు వస్తే శీతకాలంలో లంబసింగి మంచు చూపిస్తాము, కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధికి తీసుకువెళ్తాము. 1922 ఆగస్టులో ఆయన చింతపల్లి పోలీసుస్టేషను మీద పడ్డ కథ మా ఊళ్ళో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. మా ముఖాలెప్పుడూ కొండవైపే. వీపు వెనుక, అట్టే దూరం లేకుండానే, సముద్రమున్నదని మాకు జ్ఞాపకముండదు.

తలకు 850 రూపాయలు, మధ్యాహ్నం పులిహోర, దద్ధోజనం ఎవరిళ్ళనుంచి వారు తెచ్చుకోవాలి అనే ఏర్పాటు మీద నలభై ఇద్దరం పోగయ్యాము. అందులో పన్నెండుగురు పిల్లలు. ఒక పెద్దాయన మాత్రం మా వీధివాడు కాడు. మూడిళ్ళ అవతలి ఇల్లాలికి తండ్రి. పాయకరావుపేట నుంచి కూతురింటికి వచ్చి వున్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లని పంచె, భుజాన తువ్వాలు. "నాకెందుకమ్మా, నువ్వెల్లు" అంటూంటే కూతురు బలవంతాన ఎక్కించింది. నా ప్రక్క సీటు ఖాళీగా వుంటే అక్కడ కూర్చున్నాడు.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి, మాకవరపాలెం మీదుగా తాళ్ళపాలెం దగ్గర పెద్దరోడ్డెక్కి, అనకాపల్లి చేరేసరికి తూరుపు ఎర్రబారింది. అక్కడ గైడు ఎక్కాడు. విశాఖపట్నం కుర్రవాడు, చరిత్రలో ఎమ్మే. మైకు చేతికి రాగానే గొంతు మార్చకుండా మామూలుగా మాట్లాడాడు. అది చూచి నాకు ముచ్చటైంది. మైకు దొరికితే రేడియో నాటకంలో రాజుగారైపోయేవారిని మనం ఎందరిని చూడలేదు!

సముద్రం చూపిస్తామని తీసుకువచ్చి అతడు మొదట మమ్మల్ని కొండెక్కించాడు. అనకాపల్లి ప్రక్కన శంకరం అనే ఊరున్నది. సంఘారామం అన్న మాటే అరిగి అరిగి శంకరమైందంటారు. అక్కడి బొజ్జన్నకొండ మీద రాతిని తొలిచిన గుహలు, గుహల్లో బుద్ధవిగ్రహాలు, చుట్టూ కొండరాతినే మలిచిన స్తూపాలు వున్నవి. 1907-08 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఇక్కడ త్రవ్వించగా సముద్రగుప్తుని బంగారు నాణెమొకటి, శాతవాహనుల సీసపు నాణెములు దొరికినవి. ఇన్ని శతాబ్దాల పాటు సొమ్ము, జనం ఇంత దూరం ఎందుకు వచ్చారంటే, సముద్రం దగ్గరగా వున్నది గనుకనే. తీరానికి తగినంత దగ్గర, అలల చప్పుడుకు తగినంత దూరం.

"ఇక్కడొక వింత జరిగేదండీ" అన్నాడు గైడు. "కనుమనాడు చుట్టుపక్కల జనం తీర్థంలా వచ్చి, ఒక బొజ్జ రూపాన్ని రాక్షసుడనుకొని రాళ్ళు విసిరేవారు. రాళ్ళు వెయ్యకండని చెప్పి మాన్పించడానికి ఇంటాక్ వారు చాలా పాటుపడ్డారు."

పిల్లలు పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరిదో తెలియని రాయికి మనం ఏదో ఒక కథ కట్టక మానము. ఆ కథ మంచిదైతే పసుపు రాస్తాము, చెడ్డదైతే రాళ్ళు వేస్తాము. రాయికి అసలు కథ చెప్పేవాడొకడు ప్రక్కన వుండటం ఎంత అవసరమో ఆ ఉదయం అక్కడ తెలిసింది. 850 రూపాయలలో గైడుకు పోయిన భాగం నేను మనసులోనే మాఫీ చేశాను.

విశాఖపట్నం గురించి క్లుప్తంగా ముగిస్తాను. అది అందరూ చూచిన ఊరే. నౌకాశ్రయం ప్రక్కగా పోతుంటే గైడు పాతపట్నం వైపు చేయి చూపి, "అదిగో, అక్కడ కోటవీధి వున్నది, కోట లేదు" అన్నాడు. 1682 ప్రాంతంలో ఇంగ్లీషువారు అక్కడ వర్తకశాల పెట్టుకున్నారు. 1689లో ఔరంగజేబు సైన్యం దానిమీద పడి అక్కడి ఇంగ్లీషు ఉద్యోగులను చంపింది. 1757లో పరాసు సేనాని బుస్సీ ఆ కోటను పట్టుకున్నాడు. ఇన్ని చేతులు మారిన కోటకు నేడు మిగిలింది ఒక వీధి పేరు. ఆ వీధిలోకి మా బస్సు తిరగదని డ్రైవరు చెప్పేశాడు. పెద్ద బస్సులో యాత్ర చేయడంలో వున్న కష్టమిదే. బస్సు తిరిగే చోట్లే చరిత్ర జరిగినట్టు మనం అనుకుని ఇంటికి వస్తాము.

సముద్రపు రోడ్డు మీదికి వచ్చిన తరువాత హవామహల్ కనిపించింది. జయపురం మహారాజావారు 1917, 1923 మధ్య కట్టించుకున్న భవనం. అది కోట కాదు, గాలికోసం కట్టుకున్న మేడ. మా ఆవిడ దానిని చూచి, "ఇదే బాగుంది, యుద్ధమూ లేదు గిద్ధమూ లేదు" అన్నది.

యుద్ధం మాట ఆవిడ అన్నదో లేదో, గైడు సముద్రం వైపు తిరిగాడు. 1804 సెప్టెంబరు 15వ తేదీన సరిగ్గా ఈ జలాల్లోనే ఫ్రెంచి అడ్మిరల్ లీన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చి, లంగరు వేసి వున్న 'సెంచూరియన్' అనే ఇంగ్లీషు యుద్ధనౌకనూ, దాని తోడి రెండు వర్తక నౌకలనూ చుట్టుముట్టాడు. వర్తక నౌకలలో ఒకటి ఒడ్డుకు కొట్టుకొని బద్దలైంది, రెండవది శత్రువు చేజిక్కింది. సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిని కూడా మునగలేదు. ఒడ్డున వున్న ఫిరంగులు దానికి తోడుగా పేలినవి. ఈ కథ విన్న తరువాత పిల్లలు సబ్‌మెరైను వైపు పరుగెత్తారు. 'కుర్సురా' 1969లో మన నావికాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకొని, 2002 నుండి ఒడ్డుమీద మ్యూజియంగా వుంటున్నది. లోపల నావికులు పడుకునే అరలు చూచి మా పక్కింటి కుర్రవాడు, "మా హాస్టలు కంటె నయం" అన్నాడు. పూర్వం కోట ఒడ్డున వుండేది. మన కాలంలో అది నీళ్ళ క్రిందికి దిగింది.

అక్కడినుంచి భీమిలి వరకు ముప్ఫై కిలోమీటర్ల లోపు. ఎడమచేతి వైపు కొండలు, కుడిచేతి వైపు సముద్రం. పాఠకులు ఈ దారిన వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ కోసం కొట్లాడుకోక, కొంతసేపు ఎడమవైపు కూడా చూడవలసిందని నా మనవి. తొట్లకొండ అటే వున్నది. రాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టి దానికి ఆ పేరు. నావికాదళంవారు 1976లో విమానంలోంచి స్థలపరిశీలన చేస్తూండగా ఆ శిథిలాలు బయటపడినవి. 1988 నుంచి త్రవ్వకాలు జరిగినవి. భిక్షువుల గదుల పునాదులు, స్తూపాలు, శాతవాహన నాణెములతో పాటు రోమను వెండి నాణెములు దొరికినవి. వలందావారికంటె పదునైదు పదహారు వందల సంవత్సరాల ముందే రోము సొమ్ము ఈ ఒడ్డు చూచిందన్నమాట! 2019 అక్టోబరు వానలకు అక్కడి మహాస్తూపంలో ఒక భాగం కూలిపోతే తరువాత తిరిగి కట్టారు. కొత్త ఇటుకలేవో పాతవేవో గైడు చూపించకపోయినా పిల్లలే పట్టేశారు.

కొండమీదినుంచి చూస్తే సముద్రం ఎంత విశాలంగా కనిపించిందో నేను వర్ణించను. నాకంటె బాగా మీ కళ్ళే చెబుతాయి.

ఎర్రమట్టి దిబ్బల గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పాలి. మనుష్యులు కట్టిన కోటలు లేవని బాధపడేవారు ఇక్కడికి రావాలి. ఎర్రని బురుజులు, కందకాలు, సన్నని సందులు అన్నీ వున్నవి, కట్టినవారు మాత్రం గాలి, వాన. మంచుయుగంలో సముద్రం వెనుకకు తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఒడ్డుకు చేర్చింది. వేల సంవత్సరాల మీద ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారింది. వానలు దానిని కోసి లోయలు చేసినవి. ఇటువంటివి తమిళనాడులోనూ సింహళంలోనూ తప్ప ఈ ప్రాంతంలో మరెక్కడా లేవంటారు శాస్త్రజ్ఞులు. భూగర్భశాఖవారు దీనిని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. గుర్తించినా, 2024లో ఇక్కడ యంత్రాలతో తవ్వకాలు జరిగి గోల అయింది. వాన పదివేల ఏళ్ళలో చేసిన పనిని ప్రొక్లెయిను ఒక మధ్యాహ్నంలో చేసేయగలదు. పిల్లలు దిబ్బలమీద జారుడుబండ ఆట మొదలుపెడితే గైడు మొహమాటపడుతూనే దింపేశాడు. అది చూచి నేను సంతోషించాను. తల్లులు మాత్రం పిల్లల బట్టలకంటిన ఎరుపు చూచి సంతోషించలేదు.

ఒంటిగంటకు భీమిలి చేరి, ఒడ్డున సరుగుడు చెట్ల నీడలో భోజనాలు కానిచ్చాము. ఈ ఊరికి కథ భీముడితో మొదలవుతుంది. బకాసురుని చంపి భీముడు ఇక్కడి కొండమీద నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఆ కొండనే పావురాలకొండ అని కూడా అంటారు. అక్కడా బౌద్ధుల ఆనవాళ్ళున్నవి. అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తని ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఏరు, కొండ, సముద్రం ఒక్కచోట వుంటే ఏ కాలపు వర్తకుడి కన్నైనా దానిమీద పడకుండా వుండదు.

వలందావారి కంపెనీ 1602లో ఏర్పడింది. 1605లో వారు బందరు చేరి వర్తకం మొదలుపెట్టారు, 1613లో ప్రళయకావేరిలో కోట కట్టారు, పదిహేడవ శతాబ్దపు నడిమికాలంలో భీమిలికి వచ్చారు. ఎందుకు వచ్చారు? మిరియాల కోసం, లవంగాల కోసం, జాజికాయల కోసం! ఇవి మన ఒడ్డున పండవు గదా అని మీరు అడుగుతారు. అవి పండేది తూర్పు దీవులలో. ఆ దీవులవారికి యూరపు సరుకంటే పెద్ద మోజు లేదు. వారికి కావలసింది కోరమాండల్ బట్ట. అందుచేత వలందావారు వెండీ బంగారమూ మన ఒడ్డున దింపి, బట్ట ఎక్కించుకొని, దీవులలో దానికి బదులు సుగంధద్రవ్యాలు పుచ్చుకొని, వాటిని తమ దేశంలో అమ్ముకున్నారు. కరువు రోజులలో ఈ కోరమాండల్ తీరంనుంచి మనుషులను కూడా బానిసలుగా కొని ఓడలలో తరలించారు. అది మరచిపోకూడదు.

కోట అంటే మనం అనుకున్న కోట కాదని ఇక్కడ బోధపడింది. బాంబరో కోటలో ప్రభువులు కాపురమున్నారు; నల్లరాతి గుట్టమీద రాతితో కట్టుకున్నారు; తరతరాలు మరమ్మతు చేయించారు. మన తీరాన కట్టింది వర్తకులు. ఇటుకా సున్నంతో ప్రహరీ, దానికి కాపలా, లోపల బట్టల గిడ్డంగి, గుమాస్తాల గదులు. ఎంతకాలం వ్యాపారం సాగితే అంతకాలమే దానికి సున్నం. 1754లో మరాఠా దండు వచ్చి భీమిలిలోని వలందావారి శాలను దోచింది. 1781లో ఇంగ్లీషువారు పట్టుకున్నారు. ఇవ్వడం, మళ్ళీ పుచ్చుకోవడం కొన్నాళ్ళు జరిగి, లండన్‌లో 1824లో వ్రాసుకున్న ఒడంబడిక ప్రకారం 1825లో భీమిలి పూర్తిగా ఇంగ్లీషువారిదైంది. కోట అని చెప్పి పిల్లలకు చూపించదగిన కట్టడం ఇప్పుడు లేదు. సమాధులున్నవి.

మేము ఆ సమాధుల దగ్గరకు వెళ్ళేసరికి రెండు దాటింది. కొన్ని గోపురంలా కూచిగా లేచినవి, కొన్ని చదునుగా వున్నవి. రాళ్ళమీద వలందా భాషలో అక్షరాలు. ఉప్పుగాలికి చాలామటుకు అరిగిపోయినవి. దేశంకాని దేశం వచ్చి ఇక్కడి ఎండకూ జ్వరాలకూ పోయినవారు. వయస్సు చదవగలిగినచోట చదివితే నడికాలం దాటనివారే కనిపించారు. మాతో వచ్చిన ఆడవాళ్ళు గొంతులు తగ్గించారు.

గైడు అన్నాడు: "వీళ్ళు బట్టను నాణ్యం చూసి కొనేవారండీ. పోగులు లెక్కపెట్టి మరీ కొనేవారు. ఈ ప్రాంతపు బట్టకు కంపెనీ కాగితాలలో 'పంజం' అని పేరు. అది ఏదో ఊరి పేరనుకుంటాను."

నా ప్రక్కన ఇంతసేపూ పలకని పెద్దాయన తలెత్తాడు.

"ఊరు కాదు బాబూ. పుంజం."

"ఏమిటి తాతగారూ?"

"పుంజం అంటే నూటిరవై పోగులు. పడుగులో ఎన్ని పుంజాలుంటే అంత సన్నబట్ట. పన్నె ఒకే ఎడల్పు గదా, అందులో పద్నాలుగు పుంజాలు పడితే ముతక, ముప్ఫై నలభై పడితే సన్నం. మా అయ్య నలభై పుంజాలు నేసీవోడు. కంటికి పోగు ఆనదు, సేతికి ఆనుద్ది."

గైడు మైకు ఆపేశాడు. మేమంతా ఆ పెద్దాయన చుట్టూ చేరాము. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు చదువుకొని, చెప్పుకొని బ్రతుకుతున్నవాడిని. ఇంగ్లీషు కంపెనీవారి వ్రాతల్లో వుండే ఆ మాట మా పాయకరావుపేట మగ్గం మీదిదని నేను పుస్తకంలో చదివి వున్నాను. నోటితో పలికిన మనిషిని మాత్రం అప్పుడే చూచాను. సముద్రం దాటి వెళ్ళి పరాయి ఖాతాపుస్తకంలో కూర్చున్న మన మాట, మూడు నాలుగు వందల ఏళ్ళకు మళ్ళీ ఒడ్డున మన నోట వినిపించింది.

"మేష్టారూ, ఆళ్ళు సొమ్మెలా ఇచ్చీవోరు? నేశాక ఇచ్చీవోరా, ముందే ఇచ్చీవోరా?" అని ఆయన నన్నడిగాడు.

ముందే ఇచ్చేవారని చెప్పాను. కంపెనీవాడు నేరుగా నేతగాడికి ఇవ్వడు; దేశీయ వర్తకుడికి ఇస్తాడు. వర్తకుడు ఊరూరా నేతవారికి బయానా పంచుతాడు. బట్ట వచ్చిన తరువాత గిడ్డంగిలో పరచి పొడుగూ, వెడల్పూ, పోగూ చూస్తారు. ఒప్పితే తీసుకుంటారు, లేకపోతే ధర తగ్గిస్తారు, లేదా తిప్పికొడతారు. బయానా మాత్రం బాకీగా నిలిచి వుంటుంది.

పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకొని నవ్వాడు. "ఏటీ మారలేదు. మా షావుకారూ అంతే. నూలు ఆడిది, కూలి మనది. ఒక్క పోగు తెగితే కూలి కోత." అని, కొంచెం ఆగి, "మగ్గం గుంట పూడిపించేశాం మేష్టారూ. కూతురి పెళ్ళి నాడు. గచ్చు సేయించేశాం. ఇప్పుడక్కడ మా మనవడు మోటారుసైకిలు ఎడతాడు. ఫార్మా కంపెనీలో నైటుడ్యూటీ ఆడికి" అన్నాడు.

కూతురు తలదించుకొన్నది. ఆయన అది చూడలేదు. "మంచి పనే సేశాం లెండి. కూలి సాలదు" అని తనే అన్నాడు.

గైడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "తాతగారూ, పన్నె అంటే అచ్చేనా? నాడె అంటే?" అని అడుగుతూ వ్రాసుకోవడం మొదలుపెట్టాడు. అరగంట అనుకున్న మజిలీ గంటంబావు అయింది. డ్రైవరు రెండుమార్లు హారను కొట్టాడు. ఎవరూ కదలలేదు.

పొద్దు వాలుతూండగా ఒడ్డుకు వచ్చాము. ఇంత పెద్ద వర్తకం జరిగిన రేవులో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదంటే పిల్లలు నమ్మలేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య సరుకు మోసినవి మసూలా పడవలు. వాటికి మేకులుండవు. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టేవారు. మేకు కొట్టిన పడవ అలమీద పడితే విరుగుతుంది. కుట్టిన పడవ అలతో పాటు వంగుతుంది. నేతగాడి బట్ట కుట్టిన పడవలో ఓడ చేరేదన్నమాట. ఇది విని పెద్దాయన, "కుట్టుకే బలం" అన్నాడు. ఆయనకు అప్పటికి హుషారు వచ్చింది.

వలందావారు పోయిన తరువాత కూడా భీమిలి వెంటనే పడుకోలేదు. 1861లోనే మునిసిపాలిటీ అయింది. దేశంలో రెండవదని ఆ ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పుడది విశాఖ మహానగరంలో కలిసిపోయింది. మనం పచ్చడి చేసుకునే గోంగూర జాతి మొక్కలనుంచి తీసే గోగునారను ఇక్కడినుంచి ఎగుమతి చేస్తే, లోకమంతా దానిని 'బిమ్లీ జూట్' అన్నది. ఇంత చిన్న ఊరి పేరు ప్రపంచ వాణిజ్యపు నిఘంటువులో ఎక్కడం సామాన్యమా! ఆ నారకు తోడుగా ప్రక్కనే చిట్టివలసలో జూట్ మిల్లు నడిచింది, 2009లో మూతబడింది. 1890 దశకంలో వేసిన రైలుమార్గం భీమిలిని వదిలి విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖలో ఓడ నేరుగా గట్టుకు ఆనే హార్బరు తెరిచారు. అంతటితో కుట్టిన పడవలకు పని లేకపోయింది. కోటను ఫిరంగులు పడగొట్టవలసిన అవసరమే రాలేదు.

ఎదురింటి ఇల్లాలు తడి ఇసుకలో నడుస్తూ, "ఏమండీ, కోట చూపిస్తానని చెప్పి గోరీలు చూపించారు" అన్నది. అని, "అయినా ఆ పుంజం సంగతి బాగుంది. మా అమ్మమ్మగారి పెట్టెలో ఒక పాతచీర వుంది, పోగులు లెక్కపెట్టిస్తాను" అన్నది. తిరుగుప్రయాణంలో బస్సులో ఆ చీర గురించే మాటలు. అనకాపల్లిలో గైడు దిగిపోతూ పెద్దాయన కాళ్ళకు నమస్కరించాడు. ఆయన ఇబ్బందిపడి కాళ్ళు సీటు క్రిందికి లాక్కున్నాడు. రాత్రి పదింటికి ఇళ్ళు చేరాము.

ఈ యాత్ర చేయదలచినవారికి ఒక్కమాట. మావలె బొజ్జన్నకొండ నుంచి మొదలుపెట్టకండి. తెల్లవారకముందే బయలుదేరి తిన్నగా భీమిలి పోయి, అక్కడినుంచి వెనుకకు చూచుకుంటూ రండి. మంచినీళ్ళు, గొడుగులు మరువకండి. నేతపని తెలిసిన పెద్దవారు ఇంట్లో వుంటే, వద్దన్నా వెంటబెట్టుకు వెళ్ళండి. సమాధుల దగ్గరకు ఎనిమిదింటిలోపుగా చేరగలిగితే మంచిది. అప్పటి ఏటవాలు ఎండలో, అరిగిన అక్షరాలకు కూడా కొంచెం నీడ పడి చదవడానికి వీలుగా వుంటుంది. మధ్యాహ్నానికి రాయీ గీతా ఒకటైపోతాయి.